గిన్నెలో వచ్చిన నారు

ఆ వీధిలో గిన్నె ఒట్టిదిగా తిరిగి వెళ్ళదు. పక్కింటి నుంచి చారు వస్తే ఆ గిన్నెలో నాలుగు ఖుబానీ పళ్ళు వేసి పంపాలి. ఖుబానీలు వస్తే రొట్టె పెట్టి పంపాలి. ఇంట్లో ఏమీ లేని రోజున పిడికెడు ఉప్పయినా వేస్తారు గానీ, ఒట్టి గిన్నె మాత్రం చేతికివ్వరు. అలాగే గిన్నెలో వచ్చినదాన్ని పారెయ్యరు. తినేదైతే తింటారు, నాటేదైతే నాటుతారు. పారేస్తే పంపినవాళ్ళ ముఖాన కొట్టినట్టే.

రిష్తాన్ ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో కాలువ గట్టు వెంట ఇరవై ఇళ్ళ వీధి అది. అయిదో ఇల్లు కరామత్‌ది. పంతొమ్మిదేళ్ళప్పుడు కోడలిగా వచ్చి, పత్తి ఏరీ, రొట్టెలు కాల్చీ, ముగ్గురు పిల్లల్ని పెంచీ ఆ ఇంట్లోనే అరవయ్యో పడిలో పడింది. పెద్దగా చదువుకోలేదు. మాట్లాడేదీ తక్కువే. కానీ ఆమె కత్తి పట్టుకుంటే మాత్రం వీధిలో ఆడవాళ్ళందరూ పక్కకి జరిగి చోటిచ్చేవారు. పెళ్ళికైనా చావుకైనా పలావు వండితే, పక్కన వేసుకునే టమాటా ఉల్లి ముక్కలు కరామతే కొయ్యాలి. ఆమె కోసిన ముక్కని పళ్ళెంలో పరిస్తే దాని కింద పళ్ళెం మీది నీలిపువ్వు కనిపించాలి. కనిపించని ముక్కని ఆమే తీసి పక్కన పడేసేది.

అంత పల్చగా కొయ్యడానికి చేతివాటం ఒక్కటే చాలదు, దానికి తగ్గ టమాటా కావాలి. ఆ టమాటా ఆమె భర్త ఎర్గష్‌ది.

ఎర్గష్ కాలువ నీళ్ళకి వంతులు వేసే మనిషి. ఎవరి చేనికి ఎంతసేపు, ఎవరి తర్వాత ఎవరు అన్నది ఆయన పార మీద ఆధారపడేది. ఆయన పెరట్లో టమాటా వాళ్ళ అమ్మ చేతి విత్తనం. రెండు పిడికిళ్ళంత పండు, వేడినీళ్ళతో కడిగిన ముఖంలా గులాబీ రంగు. తోలు ఎంత పల్చనంటే, బండిలో వేస్తే సంత దాకా పోకముందే పగిలి నీరయ్యేది. అందుకే ఎవరూ దాన్ని ఎప్పుడూ అమ్మలేదు. ఇచ్చిపుచ్చుకోవడమే. వసంతం రాగానే ఎర్గష్ నారు పెంచి ఇంటికి నాలుగు మొక్కలు చొప్పున పంచేవాడు. వీధి వీధంతా దాన్ని ఎర్గష్ గులాబీ అనేది. ఏటా ఉన్న గింజలన్నీ ఆయనే నాటి ఇస్తాడు కదాని ఇంకెవరూ విత్తనం దాచుకోలేదు.

ఆ మొక్క ఆకు మిగతా టమాటా ఆకుల్లా చీలికలు చీలికలుగా ఉండదు. బంగాళాదుంప ఆకులా వెడల్పుగా, చీలిక లేకుండా ఉంటుంది. బంగాళాదుంపని తినే చారల పురుగు తిన్నగా దీని మీదికే వచ్చేది. "పాపం దీనికీ నాలాగే చూపు మందగించింది" అని ఎర్గష్ దాన్ని వేళ్ళతో ఏరి నీళ్ళ డబ్బాలో వేసేవాడు. నలభై ఏళ్ళు కరామత్ ఆ మాటకి నవ్వింది గానీ, ఆ ఆకుని ఒక్కసారీ తేరిపార చూసింది లేదు. నారు ఆయన పని, కోత ఆమె పని. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకపోవడమే ఆ ఇంటి సుఖం.

పెరట్లోకి వేరే టమాటా ఏదీ రానిచ్చేవాడు కాదు ఎర్గష్. ఎందుకని అడిగితే, "మా అమ్మ వద్దంది" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు, బహుశా ఆయనకీ తెలియదేమో.

ఆ వసంతంలో ఎర్గష్ మంచం పట్టాడు. మార్చిలో వచ్చే నవ్‌రోజ్ పండక్కి కరామత్ గోధుమ మొలకల పాయసం కాచి, నీలి గిన్నెలో పోసి పక్కింటి మస్తూరాకి పంపింది. మస్తూరా వయసులో చిన్నది, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. గిన్నె నెల రోజులు ఆమె దగ్గరే ఉండిపోయింది. తిరిగి వచ్చినప్పుడు అందులో తడిమట్టి పోసి, డజను టమాటా మొక్కలు గుచ్చి పంపింది. సీసాల్లో నిలవ పెట్టుకునే రకం. కోడిగుడ్డులా కోలగా, చివర చిన్న ముక్కుతో, గోడకేసి కొట్టినా పగలని ఎర్రకాయలు కాస్తుంది. ఎర్గష్ బాగుండి ఉంటే గుమ్మంలోనే ఏదో హాస్యమాడి తప్పించేవాడు. కరామత్‌కి ఆ నేర్పు లేదు. మందు వేళ మించిపోతోంది, లోపల ఆయన దగ్గుతున్నాడు. గిన్నెలో వచ్చినదాన్ని పారెయ్యడానికీ చేతులు రాలేదు. పెరట్లో కాలువ వైపు చివర ఖాళీగా ఉన్న మూరెడు జాగాలో వాటిని నాటేసింది.

నాలుగు రోజులకి ఎర్గష్ కిటికీలోంచి చూసి అడిగాడు.

"కాలువ చివర ఏదో పచ్చగా కనపడతంది. ఏం వేశావ్?"

"రేహాన్" అంది కరామత్. తులసిలాంటి వాసనాకు అది.

"మంచిపని. వాసనకుంటది" అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

నలభై ఏళ్ళ కాపురంలో ఆయనతో ఆమె ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిల్లో ఇది చివరిది. ఆగస్టు మొదట్లో, ఆ ఏటి మొదటి పండు నాలుగు ముక్కలు తిని, ఇంకో మూడు రోజులుండి ఎర్గష్ పోయాడు.

దినాలయ్యాక కరామత్ విత్తనం తీసింది. ఎవరూ చెప్పలేదు, తియ్యకుండా ఉండలేకపోయింది. ఆయన చెయ్యగా చూసినట్టే చేసింది. తోటంతా తిరిగి అన్నిటికన్నా పెద్ద పండు కోసింది. అది కాలువ చివరనున్న మొక్కది. దాని గుజ్జు గాజుగ్లాసులో పిండి, పైన నురగ కట్టేదాకా మూడు రోజులుంచి, కడిగి, ఆయన నడుముకి కట్టుకునే రుమాలు మీద పరిచి నీడన ఆరబెట్టింది. ఆ పండు పక్కనే మస్తూరా మొక్కలు విరగబూసి ఉన్నాయనీ, జూన్ నెలంతా తుమ్మెదలు ఈ పువ్వు మీంచి ఆ పువ్వు మీదికి తిరుగుతూనే ఉన్నాయనీ ఆమెకి ఆ రోజున తట్టలేదు.

మరుసటి మార్చిలో గింజలు చెక్కపెట్టెలో పోసింది. మొలకలు ఒత్తుగా వచ్చాయి. బలమైనవి కొన్ని, పీలగా వెనకబడినవి కొన్ని. ఇంటి ఆడదాని బుద్ధితో పీలవాటిని లాగేసి, బలమైనవాటిని ఉంచింది. పంతొమ్మిది ఇళ్ళకీ తానే తిరిగి, ఎర్గష్ పేరు తలుచుకోమని చెప్పి తలా నాలుగు మొక్కలిచ్చింది. ఆయన సంవత్సరీకం నాటికి వీధిలో ప్రతి పెరట్లోనూ ఆయన టమాటా పండాలని ఆమె కోరిక. ఇంకేమీ కోరుకోలేదు.

జులైలో కాయలు రంగు తిరిగాయి. గులాబీ కాదు, ఎరుపు. పెద్దవి కాదు, పిడికెడు. గుండ్రంగా, నున్నగా, గట్టిగా, ఇరవై పెరళ్ళలోనూ ఒక్క అచ్చులో పోసినట్టు ఒకేలా. మొదట ఎవరూ పైకి అనలేదు. ఒకావిడ నీళ్ళు తక్కువయ్యాయంది, ఇంకొకావిడ పేడ ఎక్కువైందంది. విత్తు ఒకటి వేస్తే మొక్క ఇంకొకటి వస్తుందా, ముసలావిడే గింజలు మార్చేసుకుని ఉంటుందని మూడో ఆవిడ రొట్టెల పొయ్యి దగ్గర అందట. ఆ మాట ఆ సాయంత్రానికే కరామత్ చెవిని పడింది.

సంవత్సరీకం పలావు నాడు ఆ ఎర్రకాయలే కోసింది, మరో గతి లేదు. కత్తి కింద తోలు కిర్రుమంది. ఎంత పల్చగా కోసినా ముక్క కింద నీలిపువ్వు కనిపించలేదు. పడేద్దామంటే పళ్ళెం మొత్తం పడెయ్యాలి. మగవాళ్ళ వైపు వడ్డన అయ్యాక తుర్దీ బాబా ఆమెని వాకిట్లోకి పిలిపించాడు. ఎర్గష్‌తో కలిసి పెరిగినవాడు, డెబ్బై దాటినవాడు, నోట్లో ఒక్క పన్ను లేనివాడు. ఎర్గష్ గులాబీ తనకోసమే దేవుడు చేశాడని చెప్పుకుని, చిగుళ్ళతోనే పళ్ళేనికి పళ్ళెం ఊదేసేవాడు. ఆ రోజు ఆయన పళ్ళెంలో ముక్కలు అంచుకి నెట్టి ఉన్నాయి.

"నీ తప్పు కాదులే అమ్మా" అన్నాడు. "వాడి సంగతి నాకు తెలీదా. చిన్నప్పట్నుంచీ వాడి వస్తువు ఇంకోడికి ఇచ్చేవాడు కాదు. పోతా పోతా టమాటాని కూడా చంకన పెట్టుకుపోయాడు."

పక్కనున్నవాళ్ళు తల దించుకుని నవ్వారు. మంచిమాటే, ప్రేమతో అన్నమాటే. కానీ అది కరామత్ గుండెలో ముల్లులా దిగింది. మనిషి పోయాడు సరే, దానికి ఆమె చెయ్యగలిగింది లేదు. టమాటా పోతే అది మాత్రం ఆమె చేతుల మీదుగా పోయినట్టు.

పెరటి వైపు గిన్నెలు తోముతున్న చోట మస్తూరా మిగిలిన కాయొకటి తీసి ఎండకేసి తిప్పి చూసింది.

"వదినా, దీని ముక్కు చూశావా? ఉన్నదీ లేనట్టుంది గానీ, అచ్చం మా పెరట్లోవాటి ముక్కే. మీ టమాటా ఎవర్నో తగులుకుని లేచిపోయింది. మా అన్నయ్య లేని ఇల్లు కదా, అడిగేవాళ్ళు లేరని."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. కరామత్ చేతిలో గరిట ఆగిపోయింది. కాలువ చివర మూరెడు జాగా కళ్ళ ముందుకొచ్చింది. రేహాన్ అని తానన్న మాట చెవిలో వినిపించింది. "మా అమ్మ వద్దంది" అని ఆయనెందుకనేవాడో ఆ క్షణంలో తెలిసింది.

ఆమె గరిట కడిగి బోర్లించింది.

మర్నాడు పొద్దున్నే కోడలు షాహిస్తా తన మూడేళ్ళ కూతురికి జడలు వేస్తూ సణుగుతోంది. ఎంత బిగించి అల్లినా పిల్ల చెవులు జడల మధ్యలోంచి చేటల్లా బయటికొస్తున్నాయని ఆమె బాధ. ఆ చెవులు ఎర్గష్‌వి. కొడుక్కి ఆ చెవులు రాలేదు, వాడివి తల్లి చెవులు, చిన్నవి, తలకంటుకుని ఉంటాయి. తండ్రిని దాటి, తాత చెవులు తిన్నగా మనవరాలికి వచ్చిపడ్డాయి.

కరామత్ చాలాసేపు ఆ పిల్ల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి బుట్ట పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఎర్రకాయల్లో మంచివి పన్నెండు కోసుకొచ్చి గాజుగ్లాసులు వరసగా పెట్టింది.

"ఈ దరిద్రపు కాయలకి విత్తనం కూడానా అత్తయ్యా?" అంది షాహిస్తా. "సంతలో కొత్త పొట్లాలు దొరుకుతాయి కదా."

"సంతలో మీ మామయ్య దొరకడు" అంది కరామత్. "నీ కూతురి చెవులు నీ మొగుడికున్నాయా?"

"లేవు."

"మరి వాడి ఒంట్లో లేకుండానే దీనికెక్కణ్ణుంచి వచ్చినయ్? ఉన్నయ్, దాక్కుని ఉన్నయ్. ఇందులో కూడా ఆయన టమాటా దాక్కుని ఉంది. వచ్చే ఏడు బయటికొస్తది చూడు."

షాహిస్తా చూస్తానందో లేదో తెలియదు. అత్తగారికి దుఃఖంతో మతి చలించిందని మాత్రం మొగుడితో అందట. కరామత్‌కి ఆ తర్వాత ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు. పిండి పులిసిందో లేదో వేలు పెట్టి చూడనక్కర్లేకుండానే తెలిసినట్టు, ఆమెకది తెలిసిపోయింది.

మార్చిలో కిటికీల మీదా, పరుపుల పెట్టె మీదా, ఎక్కడ వెలుతురుంటే అక్కడ చెక్కపెట్టెలు పెట్టి రెండువందల గింజలు నాటింది. మూడో వారానికి ఆకులు విచ్చుకున్నాయి. ఎక్కువ మొక్కలకి చీలికల ఆకులు. అక్కడొకటి ఇక్కడొకటి మాత్రం వెడల్పాకు. చీలిక లేకుండా, బంగాళాదుంప ఆకులా. వెనకబడి, పీలగా ఉన్నవి కూడా ఎక్కువగా అవే. కరామత్ పెట్టె ముందు కూలబడింది. పురుగుకి చూపు మందగించిందని ఆయన నవ్వే నవ్వు గుర్తొచ్చింది. పోయినేడు పెట్టెలో తానే పీకి బయట పారేసినవాటికి ఏ ఆకులున్నాయో అదీ గుర్తొచ్చింది. నిజమైన పిల్లల్ని పీలగా ఉన్నారని గెంటేసి, వచ్చినవాళ్ళని బలంగా ఉన్నారని పీట వేసి కూర్చోబెట్టింది.

ఆ పూట కూర్చుని చీలికాకు మొక్కల్ని ఒక్కొక్కటీ లాగేసింది. మంచి ఏపుగా, కాడ లావుగా ఉన్న మొక్కలు. షాహిస్తా గుండెలు బాదుకున్నంత పని చేసింది.

"బంగారంలాంటి మొక్కలు అత్తయ్యా. ఎవరికన్నా ఇచ్చినా మీ పేరు చెప్పుకుని తింటారు."

"పోయినేడు బంగారమే పంచాను. ఏం పేరు చెప్పుకున్నారో విన్నావుగా" అంది కరామత్, ఇంకోటి లాగుతూ.

మిగిలినవి నలభై ఆరు. ఆ ఏడు ఆమె ఎవరికీ నారు ఇవ్వలేదు. ఆ ఇంటి నుంచి వీధికి నారు రాని వసంతం అదే మొదటిది. ఎర్గష్ పోయాక ఆ ఇంటి చెయ్యి ముడుచుకుపోయిందన్నారు. ఇద్దరు ముగ్గురు గుమ్మం దాకా వచ్చి, పెరట్లో నారు కనిపిస్తుండగానే లేదనిపించుకుని వెళ్ళారు. వచ్చే ఏడు ఇస్తానని ఆమె అందరికీ ఒకే మాట చెప్పింది. ఎందుకో చెప్పలేదు. కాలువ చివర మూరెడు జాగా ఖాళీగా వదిలేసింది.

చారల పురుగు మే నెలలోనే వచ్చింది. నలభై ఆరింటి మీదా వాలింది. దాన్ని ఏరి నీళ్ళ డబ్బాలో వేస్తూ కరామత్ ఆయన పోయాక మొదటిసారి తనలో తాను నవ్వుకుంది.

జులై మధ్యలో రంగు తిరిగింది. ముప్ఫై నాలుగు మొక్కలు ఎరుపు. పన్నెండు గులాబీ. ఆ పన్నెండింటిలోనూ కొన్ని మస్తూరా ముక్కు పెట్టుకుని కోలగా, కొన్ని నిమ్మకాయంత. కానీ ఏడో మొక్కకీ, పంతొమ్మిదో మొక్కకీ, గోడ వారనున్న ఇంకో మొక్కకీ కాయలు వంగి నేలకానాయి. ఏడో మొక్క నుంచి పండు కోసుకొచ్చి కత్తి తీసింది. కోసి పళ్ళెంలో పరిచింది. నీలిపువ్వు రేకులు అయిదూ కనిపించాయి.

షాహిస్తా వంగి చూసి, అత్తగారి ముఖంలోకి చూసి, ఉల్లిపాయ ఒలిచి ఇచ్చింది.

కరామత్ ఆ పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని తిన్నగా తుర్దీ బాబా ఇంటికి నడిచింది. ఆయన మల్బరీ నీడన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. చిగుళ్ళ మధ్య చాలాసేపు తిప్పాడు. రెండో ముక్క తీసుకున్నాడు, తర్వాత మూడోది.

"తోలు వాడిదే" అన్నాడు చివరికి. "పులుపు వాడిది కాదు. ఎర్గష్‌ది ఇంత పులుపుండేది కాదు."

"ఉండేది కాదు. వచ్చే ఏడు తగ్గుద్ది బాబా."

"వచ్చే ఏటికి నేనుండాలిగా."

"ఉండండి. ఆ రుచి ఇంత గట్టిగా గుర్తున్న నాలుక వీధిలో మీదొక్కటే. పని కాకుండా ఎట్టా పోతారు?"

ముసలాయన బోసినోటితో నవ్వి, పళ్ళెం ఖాళీ చేసి, ఒట్టి పళ్ళెం ఇవ్వకూడదని రెండు పిడికిళ్ళు ఎండు మల్బరీలు పోసి ఇచ్చాడు.

మూడు మొక్కల విత్తనం మూడు పొట్లాలు కట్టింది కరామత్. మరుసటి మార్చిలో పెట్టెలోకి వంగి చూస్తే ఎటు చూసినా వెడల్పాకులే. ఒక్క చీలిక లేదు. ఈసారి ఏరిపారెయ్యడానికేమీ లేదు.

ఏప్రిల్ చివర్లో మస్తూరా వచ్చింది. పండక్కి పాయసం పోసి పంపిన నీలి గిన్నె చేతిలో ఉంది. గిన్నెలో తడిమట్టి, మట్టిలో డజను మొక్కలు. చీలికాకులు, లావు కాడలు.

"మళ్ళీ అదే రకం వదినా. అప్పుడు నీకు నచ్చిందిగా, ఒక్క మొక్క కూడా వాడనివ్వలేదు" అంది.

కరామత్ గిన్నె అందుకుంది. గుమ్మంలోనే నిలబడి, ఆ రోజు గిన్నె వచ్చిన దగ్గర్నుంచి రేహాన్ దాకా, తుమ్మెదల దాకా ఉన్నదంతా చెప్పింది. అంత పొడుగు మాట ఆమె నోట మస్తూరా ఎప్పుడూ వినలేదు. విన్నంతసేపూ ఆ పెద్ద నోరు తెరుచుకునే ఉంది గానీ అందులోంచి మాట రాలేదు.

"నేనేనా?" అంది ఆఖరికి. "ముక్కు చూడమని నవ్వింది కూడా నేనే. రెండేళ్ళు కడుపులో పెట్టుకు కూర్చున్నావా? నన్ను నాలుగు తిట్టి పంపొచ్చుగా."

"నువ్వు నారిచ్చావ్. అబద్ధమాడింది నేను."

మస్తూరా గిన్నె కోసం చెయ్యి చాపింది. "తే, తీసుకుపోయి మేకకేస్తా."

"గిన్నెలో వచ్చింది పారేస్తారటే? మట్టిలో పెట్టాలి. నా మట్టిలోనే పెట్టాలని ఎవరూ అన్లా. పద."

తలగుడ్డ బిగించి కరామత్ ముందు నడిచింది. మస్తూరా పెరట్లో పశువుల కొట్టం అవతల, రెండిళ్ళ మధ్య గోడకి ఎంత దూరం వీలైతే అంత దూరాన, పారతో చాళ్ళు తీసి ఆ డజను మొక్కల్నీ తన చేత్తోనే నాటి నీళ్ళు పోసింది. తుమ్మెదకి గోడ అడ్డమా అని మస్తూరా అంటే, గోడా, కొట్టం, మీ మేకా మూడూ అడ్డమేలే అంది. చేతులు కడుక్కుని గిన్నె తీసుకుని బయల్దేరబోతే మస్తూరా చెయ్యి పట్టుకుని ఆపింది. ఒట్టి గిన్నెతో పోవడమేమిటని లోపలికి పరిగెత్తి, డబ్బాలు వెతికి, మడిచిన కాగితంలోంచి చారెడు నల్లగింజలు గిన్నెలో పోసింది.

"రేహాన్" అంది. "మా అన్నయ్యతో అన్న మాట నిలబెట్టుకో."

కరామత్ ఇంటికి వచ్చి గిన్నె అరుగు మీద పెట్టలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి, రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న కాలువ చివర మూరెడు జాగాలో మట్టి గుల్ల చేసి గింజలు చల్లింది. తర్వాత నారుపెట్టెలు గుమ్మంలోకి తెచ్చుకుని, ఇంటికి నాలుగు చొప్పున మొక్కలు గుడ్డపేలికల్లో కట్టడం మొదలుపెట్టింది. పంతొమ్మిది ఇళ్ళు. మొదటి మూట తుర్దీ బాబాది.

ఆ ఆగస్టులో ఆయన పళ్ళెం ముగించి, పులుపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదన్నాడు. ఇంకో ఏడు పడుతుందని కరామత్ అంది. అయితే ఇంకో ఏడు ఉంటాలే అన్నాడాయన. ఇంతకీ నీ పెరట్లోంచి ఏదో వాసనొస్తోంది, ఏం వేశావని అడిగాడు.

"రేహాన్" అంది కరామత్, తల ఎత్తి.